టెక్ సందేహాలు: మోటారు మనది, స్టార్టరు ఎవరిది?

ప్రశ్న: అన్నా, మాది పుట్లూరు దగ్గర చీనీ తోట. బోరు ఊరికి దూరం. రెండేళ్ల కిందట మొబైల్ స్టార్టర్ పెట్టించుకున్నాం. ఇంట్లో కూర్చునే యాప్‌లో మోటారు ఆన్, ఆఫ్ చేసేవాళ్లం. నెల నుంచి యాప్ తెరిస్తే సర్వర్ అందుబాటులో లేదని వస్తోంది. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. డబ్బాలో లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. ఇప్పుడేం చేయాలి? – ఓ రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ముందు చెట్లకు నీళ్ల సంగతి చూద్దాం. మొబైల్ స్టార్టర్లలో చాలావాటిని మామూలు స్టార్టర్‌కు పక్కన బిగిస్తారు. కాబట్టి చేత్తో నొక్కే పచ్చ, ఎర్ర బటన్లు పనిచేస్తూనే ఉండాలి. అవీ పనిచేయకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మొబైల్ డబ్బాను తప్పించి లైను కలిపించుకోండి. మీరు మాత్రం చేయి పెట్టకండి, అది త్రీ ఫేజ్.

తర్వాత డబ్బాలోని సిమ్‌కు రీచార్జ్ ఉందో లేదో చూడండి. ఉంటే దానితో వచ్చిన కాగితం వెతకండి. కొన్ని మోడళ్లు యాప్‌తోపాటు ఎస్ఎంఎస్‌కూ పలుకుతాయి. డబ్బా సిమ్ నంబరుకు ఫలానా మాట మెసేజ్ పెడితే మోటారు ఆన్ అవుతుందని ఆ కాగితంలో ఉంటే మీ కష్టం తీరినట్టే. ఎస్ఎంఎస్ మీ ఫోను నుంచి నేరుగా డబ్బాకు పోతుంది, మధ్యలో కంపెనీతో పనిలేదు. యాప్ దారి వేరు. మీరు నొక్కింది కంపెనీ సర్వర్‌కు, అంటే వాళ్ల అదుపులో ఉండే కంప్యూటర్‌కు పోయి, అక్కడి నుంచి మీ తోటకు వస్తుంది. సర్వర్ ఆపేస్తే డబ్బా బాగున్నా దానికి కబురు చెప్పే దిక్కుండదు. ఎస్ఎంఎస్ దారి లేని మోడలైతే డబ్బా మార్చడం తప్ప నాకు వేరే మార్గం కనిపించడం లేదు.

ఇక్కడ ఒక సంగతి చూడండి. అదే మోటారు కాలిపోతే ఏం చేస్తారు? పైకి లాగించి తాడిపత్రిలోనో అనంతపురంలోనో వైండింగ్ షాపులో వేస్తారు. ఏ కంపెనీదైనా అతను విప్పుతాడు, తీగ చుట్టి ఇస్తాడు. కంపెనీ మూతపడినా మీ మోటారు ఆగదు. స్టార్టర్ కూడా మీరు డబ్బు పెట్టి కొన్నదే. కానీ అందులోని ప్రోగ్రామ్‌ను ఎంత తెలివైన కుర్రాడైనా విప్పి చూడలేడు. దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత, కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టింది సరిగ్గా ఇలాంటి చికాకులోంచే. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ లేజర్ ప్రింటర్ వచ్చింది. అందులో కాగితం ఇరుక్కునేది. అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటర్‌కైతే కోడ్ మార్చి, కాగితం ఇరుక్కోగానే ప్రింట్ ఇచ్చినవాళ్లకు కంప్యూటర్లో కబురు వచ్చేలా చేశారు. కొత్తదానికి కోడ్ ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర ఉందని తెలిసి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పుకున్నానంటూ ఆయన కాదన్నారు. స్టాల్‌మన్ అందరూ స్వేచ్ఛగా వాడుకుని మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టును 1983 సెప్టెంబరులో ప్రకటించారు, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టారు. వాళ్లు అడిగేవి నాలుగే. ప్రోగ్రామ్‌ను ఏ పనికైనా వాడుకోనివ్వాలి. అది ఎలా పనిచేస్తోందో చూసి మార్చుకోనివ్వాలి. కాపీలు ఇతరులకు ఇవ్వనివ్వాలి. మార్చినదాన్ని కూడా పంచుకోనివ్వాలి. లెక్క సున్నా నుంచి మొదలుపెట్టే ప్రోగ్రామర్లు కదా, వీటికి సున్నా నుంచి మూడు దాకా నంబర్లేశారు!

రైతుకు కోడ్ ఎందుకని కొందరంటారు. మీరు చదవక్కర్లేదు, చదవగలిగిన కుర్రాడు జిల్లాలో ఒకడుంటే చాలు. అయితే కోడ్ చేతికొచ్చినంత మాత్రాన కూడా సరిపోదు. టీవో అనే టీవీ రికార్డర్ లినక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో నడిచేది. కోడ్ ఇచ్చేవారు, కానీ దాన్ని మార్చి పెట్టెలో ఎక్కిస్తే పెట్టె నడవనిచ్చేది కాదు. ఆ కిటుకుకు అడ్డుకట్ట వేయడానికే ఫౌండేషన్ వాళ్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అయిన జీపీఎల్‌కు 2007లో వచ్చిన మూడో వెర్షన్‌లో ప్రత్యేక నిబంధన పెట్టారు.

మళ్లీ కొనేటప్పుడు షాపతన్ని రెండే అడగండి: యాప్ లేకుండా ఎస్ఎంఎస్‌తో నడుస్తుందా? డబ్బాలో యజమాని నంబరు మనమే మార్చుకోవచ్చా? నీళ్లు నమలుతుంటే ఇంకో షాపు చూసుకోండి. ఇంకొకటి, 2జీ మాత్రమే తెలిసిన డబ్బాలో జియో సిమ్ పనిచేయదు.

ప్రశ్న: కర్నూలులో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లోనే. కొత్త కంప్యూటర్లో పాత ఫైళ్లు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తున్నాయి. ఇంకో సందేహం, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌కు ఎలాగూ పైసా పెట్టం కదా, మీరు చెప్పే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో అదనంగా ఒరిగేదేమిటి?

జవాబు: ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేకపోతే కింద ఉన్న ఇంగ్లిష్ గుర్తులే బయటపడతాయి. ప్రపంచ భాషలన్నిటికీ ఉమ్మడి అక్షరాల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలున్నాయి, అందుకే ఏ ఫోనులో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది.

పాత కంప్యూటర్ ఇంకా ఊపిరితో ఉంటే ఈ వారమే ముఖ్యమైన ఫైళ్లన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత 8 రాలేదు. లిబ్రేఆఫీస్ అనే స్వేచ్ఛా ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోని డ్రా ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలదు. లేఅవుట్ కొంత అటూ ఇటూ అవుతుంది, పాత ఫాంటు చిక్కు మాత్రం అలాగే ఉంటుంది. ఆ అక్షరాలను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చాక ఒత్తులు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. పెళ్లికొడుకు పేరులో ఒత్తు ఎగిరిపోతే పత్రికలన్నీ మళ్లీ మీ ఖర్చుతోనే వేయాల్సి వస్తుంది. కొత్త పనులు పేజ్‌మేకర్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6లో మొదలుపెట్టండి. తెలుగు వస్తుంది, ప్రెస్సుకు కావలసిన సీఎంవైకే పీడీఎఫ్ కూడా ఇస్తుంది. మండలి, రామభద్ర, గిడుగు, శ్రీకృష్ణదేవరాయ ఫాంట్లను వ్యాపారానికీ నిక్షేపంగా వాడుకోవచ్చు. కస్టమర్లు పాత ఫాంటు వంపులే కావాలంటారని తెలుసు, కొన్నాళ్లు ఆ పోరు తప్పదు.

ఇక క్రాక్ సంగతి. డబ్బు కట్టకపోయినా మీరు ఆ కంపెనీ చేతిలోనే ఉన్నారు. దాన్ని మార్చలేరు, మీ దగ్గర పనిచేసే అబ్బాయికి ధైర్యంగా కాపీ ఇవ్వలేరు, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ టెన్షన్. క్రాక్‌తోపాటు ఏ వైరస్ వచ్చిందో అది వేసినవాడికే తెలియాలి. పైగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే డబ్బు తీసుకోకూడదనే నియమమేమీ లేదు. జీపీఎల్ ప్రోగ్రామ్‌ను సీడీలో వేసి అమ్ముకోవచ్చు, నేర్పించి ఫీజు తీసుకోవచ్చు. కర్నూలులో స్క్రైబస్ నేర్పేవాళ్లు లేరంటే అది మీకు గిరాకీయే.

ప్రశ్న: ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్. విండోస్ 11 ఎక్కదు, కొత్తది కొనాల్సిందే అంటున్నారు. నిజమేనా? – ప్రొద్దుటూరు

జవాబు: విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, అంతవరకు నిజం. కొనాల్సిందే అన్నది మాత్రం అమ్మేవాళ్ల మాట. విండోస్ బదులు వాడుకోగల లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. వైఫై, ప్రింటర్, సౌండ్ సరిగా ఉంటే ఫైళ్లు బ్యాకప్ తీసుకుని ఎక్కించండి. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయిస్తే ఇంకా నయం. విండోస్ కోసం చేసిన ట్యాలీ మీద బతికే లాప్‌టాప్ అయితే ఈ సలహా మీకు కాదు. మింట్‌లో కోడ్ బయటపెట్టని డ్రైవర్లు కూడా వాడుకోవచ్చు కాబట్టి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దాన్ని సిఫార్సు చేయదు, అలాంటి డ్రైవర్లు లేని ట్రిస్క్వెల్ లాంటి లినక్స్‌లే వాడమంటుంది. నా మట్టుకు నేను, వైఫై రాని లాప్‌టాప్‌తో కొత్తవాళ్లను విసిగించడం కంటే మింట్‌తో మొదలుపెట్టించడమే మేలంటాను.

ప్రశ్న: సార్, కడపలో బీటెక్ చదువుతున్నాను. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువుతో ఆండ్రాయిడ్ యాప్ చేశాను. కోడ్‌ను అందరూ చూసేలా గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టమని మా సీనియర్ అంటున్నాడు. ఎవరైనా కొట్టేసి సొంత పేరుతో అమ్ముకుంటే?

జవాబు: బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన ఆ నిఘంటువుకు కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టే నువ్వు ఎవరినీ అడగకుండా యాప్ చేసుకున్నావు. మీ ఊళ్లో బ్రౌన్ పేరు మీదున్న గ్రంథాలయానికి వెళ్లావో లేదో, వెళ్లకపోతే ఈ ఆదివారం కాకుండా పనిరోజు చూసుకుని వెళ్లు.

భయానికి మందు లైసెన్స్‌లోనే ఉంది. లైసెన్స్ ఫైలు లేకుండా కోడ్ పెడితే చూసేవాళ్లకు దాన్ని వాడుకునే హక్కు రాదు, సాయం చేద్దామనుకున్నవాడు కూడా వెనక్కి తగ్గుతాడు. ఎంఐటీ లైసెన్స్ పెడితే నీ పేరు ఉంచి ఎవరైనా తీసుకోవచ్చు, తమ మార్పులను తలుపులు మూసి అమ్ముకోవచ్చు. జీపీఎల్ మూడో వెర్షన్ పెడితే అమ్ముకోవచ్చు కానీ, కొన్నవాళ్లకు మార్పులతో సహా కోడ్ ఇచ్చి తీరాలి. నీ యాప్‌కు నేనైతే ఇదే పెడతాను. రేపు దాన్ని వెబ్‌సైట్‌లా సర్వర్ మీద నడిపే ఆలోచన ఉంటే జీపీఎల్‌కు తోబుట్టువైన ఏజీపీఎల్ చూడు, మార్చిన కోడ్‌ను సర్వర్లో దాచుకునే వీలును అది మూసేస్తుంది. లైసెన్స్ పూర్తి పాఠాన్ని కాపీయింగ్ (COPYING) అనే ఫైలులో పెట్టు, ప్రతి ఫైలు పైన నీ పేరు, సంవత్సరం రాయి. నిఘంటువు డేటా ఎక్కడి నుంచి దించుకున్నావో రీడ్‌మీలో చెప్పు. ఆ డేటాను టైపు చేసినవాళ్లు ఏమైనా షరతు పెట్టారేమో అప్‌లోడ్ చేసేముందే చూసుకో.