‘ఎక్స్‌పోజర్’ అంటే జబ్బు సోకినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 11 ఏళ్లు. గత వారం ట్యూషన్ నుంచి వస్తుండగా వీధికుక్క పిక్క మీద కరిచింది, రక్తం కారింది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళితే గాయం చుట్టూ ఒక మందు ఎక్కించి, భుజాలకు టీకా వేసి, చీటీ మీద ‘ఎక్స్‌పోజర్, కేటగిరీ 3’ అని, దాని కింద 0, 3, 7, 28 అని రాశారు. జబ్బు మూడో దశకు వచ్చేసిందని మా అత్తగారు అన్నం మానేశారు. పక్కింటివాళ్లు తమ పిల్లలను మావాడితో ఆడుకోనివ్వడం లేదు. ఈ మాటకు అసలు అర్థం ఏమిటి?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందుగా మీ అత్తగారికి చెప్పండి: ఆ చీటీలో మీ అబ్బాయికి రేబిస్ (పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే జబ్బు) ఉందని ఎక్కడా లేదు. వైద్యంలో ‘ఎక్స్‌పోజర్’ అంటే వ్యాధిని కలిగించే క్రిమి ఒంట్లోకి వెళ్లగలిగే సందర్భం ఏర్పడడం మాత్రమే. అది నిజంగా లోపలికి వెళ్లిందా, వెళ్లి నిలదొక్కుకుందా అన్న సంగతి ఆ మాట చెప్పదు. బడిలో ఆటలమ్మ పోసిన పిల్లవాడి పక్కన కూర్చున్న ప్రతి పిల్లవాడికీ ఎక్స్‌పోజర్ జరిగినట్టే గానీ, అందరికీ ఆటలమ్మ పోయదు. చిక్కంతా మన భాషలో దీనికి స్థిరపడిన మాట లేకపోవడం వల్ల వచ్చింది. ‘వైరస్‌కు గురయ్యాడు’ అని రాస్తే చదివేవారికి ‘వైరస్ సోకింది’ అనే వినిపిస్తుంది. అందుకే నేను ‘సంపర్కం’ అనే మాటనే ఇష్టపడతాను.

ఇక కేటగిరీ 3 అన్నది జబ్బు దశ కాదు, ఆ సంపర్కం ఎటువంటిదో చెప్పే గుర్తు. జంతువును తాకడం, గాయం లేని చర్మాన్ని అది నాకడం మొదటి తరగతి. దానికి టీకా అవసరం లేదు. రక్తం రాని చిన్న గీరు రెండోది. దానికి టీకా వేస్తారు. చర్మం చీల్చుకుని పళ్లు దిగినా, గాయం మీద గానీ నోరు, కళ్ల వంటి చోట్ల గానీ చొంగ పడినా మూడోది. దానికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఎక్కించాలి. టీకాకు స్పందించి ఒళ్లు సొంతంగా రక్షణ తయారుచేసుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక, అంతవరకు గాయం దగ్గరే వైరస్‌ను అడ్డుకునేందుకు సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలను అందించడమే ఆ మందు పని. మీవాడికి సరిగ్గా అదే చేశారు.

రేబిస్ వైరస్ నరాల వెంట మెల్లగా మెదడు వైపు సాగుతుంది. లక్షణాలు కనిపించడానికి సాధారణంగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి వారం రోజులే, ఒక్కోసారి ఏడాది కూడా పట్టవచ్చు. ఈ వ్యవధే మనకు దొరికిన అవకాశం. లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం కాబట్టి, కరిచిన కుక్క ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపించినా మిగిలిన టీకాలను సొంత నిర్ణయంతో మానేయకండి. చీటీలోని 0 అంటే కుక్క కరిచిన రోజు కాదు, మొదటి టీకా వేసిన రోజు. తక్కినవి అక్కడి నుంచే లెక్కపెట్టాలి. చాలామంది 28వ రోజు డోసు దగ్గరికి వచ్చేసరికి గాయం మానిపోయిందని వెళ్లరు, అది నన్ను ఎంతో బాధిస్తుంది. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం.

మీ పక్కింటివారికి ఒక మాట. కుక్క కరిచి టీకా వేయించుకుంటున్న పిల్లవాడితో ఆడుకుంటే, కలిసి తింటే రేబిస్ రాదు. వారు నేర్చుకోవలసింది వేరే ఉంది: రేపు వారి పిల్లలను కుక్క కరిస్తే పసుపు, సున్నం, కారం పెట్టకుండా, ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు గాయం కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మీ అబ్బాయిని నిశ్చింతగా బడికి పంపండి, ఆ చీటీని మాత్రం 28వ రోజు దాకా భద్రంగా ఉంచండి.