ఒక్క జీతంతో ఇల్లు నడపబోతున్న మా అమ్మాయికి

చి. సౌ. శ్రావ్యకి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బెంగగా చెప్పిందో గొప్పగా చెప్పిందో నాకు అర్థం కాలేదు, రెండూ కలిసే ఉండుంటాయి. ఏడాదిపాటు ఇంట్లో ఉండి ఏపీ గ్రూప్ వన్‌కి చదువుతావట. అద్దె, బజారు, కరెంటు అన్నీ అల్లుడి ఒక్క జీతంలోనే సర్దుకుంటారట. "నేను చదువుకుంటాను, మీరు కాస్త సర్దుకోండి" అని మనింట్లో ఏ ఆడపిల్లా ఇంతవరకు నోరు తెరిచి అడగలేదే. రాత్రి మీ పెద్దనాన్నకి చెప్తే, "డిప్యూటీ కలెక్టరయ్యాక ముందు మన వీధి డ్రైనేజీ సంగతి చూడమను" అన్నారు. అని, పడుకోకుండా చాలాసేపు హాల్లో అటూ ఇటూ తిరిగారు.

ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ ఇంకో పని చేసుకుంటావు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

వంటింటి సంగతులు నీకు తెలియనివి కావు. కందిపప్పు నానబెట్టి వండు. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించు. మీగడ తీసి దాచితే నెయ్యి కొనక్కర్లేదు. సిలిండర్ తెచ్చిన అబ్బాయిని తూకం వేసి చూపించమను, మొహమాటపడకు. గ్యాసు ట్యూబు మాత్రం ఐదేళ్లకి మార్చాల్సిందే, అక్కడ పీనాసితనం పనికిరాదు. పది నిమిషాల్లో తెచ్చిపెట్టే యాప్‌లు ఫోన్లోంచి తీసెయ్. కొత్తిమీర కట్ట కోసం తెరిచి ఐస్‌క్రీం కూడా తెప్పించుకునే రకం నువ్వు, నాకు తెలుసు. బియ్యం కొనేటప్పుడు బస్తా ధర చూడకు, కిలో ఎంత పడిందో లెక్కెయ్. 25 కిలోల దాకా ప్యాకెట్లకి జీఎస్టీ పెట్టారు కదా, 2022లో. అప్పట్నుంచి 26 కిలోల బస్తాలు మొదలయ్యాయి. మిల్లు వాళ్ల తెలివి అలా ఉంటుంది, మనదీ కొంచెం ఉండాలి.

కూరగాయలకి కూకట్‌పల్లి రైతుబజారు మీకు దగ్గరే. 1999లో రైతుబజార్లు పెట్టిన కొత్తల్లో ఇక్కడ మేం సంచులు పట్టుకుని తెల్లారకుండా వెళ్లేవాళ్లం, అదో తిరణాలలా ఉండేది. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. ముందు అది చదువు, ఏం వండాలో తర్వాత అనుకో. ఇంట్లోనే వంకాయకూర అని తీర్మానించుకుని వెళ్లావంటే వంకాయ ఎంత చెప్తే అంత ఇచ్చి రావాల్సిందే.

కరెంటు దగ్గర మాత్రం కాస్త ఆగు. ఇది మీ పెద్దనాన్న కాగితం మీద లెక్కేసి ఇచ్చారు. మీ తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం నెలకి సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకి 3.40 చొప్పున, రెండో వందకి 4.80 చొప్పున 820 రూపాయలు. అదే 201 కాలిందనుకో, మొదటి 200 కూడా 5.10 రేటుకి వెళ్లిపోతాయి. ఆ పైన ఒక్క యూనిట్‌కి 7.70. మొత్తం 1027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైమాట! మిగతా చార్జీలు వేరే. అందుకని బిల్లు కొట్టిన రోజు రీడింగు క్యాలెండర్ మీద రాసుకో. ఇరవయ్యో రోజున మీటరు దగ్గరికెళ్లి చూడు. 140 దాటి ఉంటే ఆ పది రోజులు ఇస్త్రీ, గీజరు తగ్గించు. రెండు వేల వాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్. అల్లుడు స్విచ్ వేసి ఫోన్ చూసుకుంటూ మర్చిపోతాడని మీ అమ్మే చెప్పింది. పాత ఫ్యాను 75 వాట్లు, ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను, అదే కరెంటు తక్కువ తాగే రకం, 30 వాట్లకి అటూ ఇటూ. రోజంతా నువ్వు ఫ్యాను కిందే చదువుకుంటావు కాబట్టి ఆ ఒక్కదాన్ని మార్చుకో, నెలకి ఇరవై యూనిట్ల దాకా మిగులుతాయి. అన్ని గదులకీ మారుస్తానని బయల్దేరకు, పొదుపు పేరుతో పెట్టే ఖర్చు అన్నిటికంటే చెడ్డది. ఏసీ 24లో పెట్టి ఫ్యాను వేసుకోండి. లేదంటే పగలు ఏదైనా లైబ్రరీకి పో. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ నిండా నీలాంటి పిల్లలే ఉంటారట. మీకు దూరమేలే, దగ్గర్లో ఇంకోటి వెతుక్కో.

బస్సు ఊరికే కదా ఆడవాళ్లకి. కానీ నీ ఆధార్‌లో ఇంకా రాజమండ్రి అడ్రసే ఉందని మీ అమ్మ అంటోంది. అక్కడి మహాలక్ష్మి పథకం తెలంగాణ ఆడవాళ్లకి, కండక్టరు కార్డు చూస్తాడు. పెళ్లయి మూడేళ్లయింది, అడ్రస్ మార్పించుకోవడానికి తీరిక లేదు! మాకూ 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది. అప్పట్నుంచి నేను ద్వారపూడి, సామర్లకోట తెగ తిరుగుతున్నాను. మీ పెద్దనాన్నకి టికెట్ కొనాలి, నాకక్కర్లేదు. ఆయనకి అదో ఉడుకుమోత్తనం.

ఇప్పుడు అసలు విషయం. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

మీ అక్క ఇంజనీరింగులో చేరిన రోజులు. ఫీజు, హాస్టలు, పైగా ఈ ఇంటి అప్పు. మీ పెద్దనాన్న సంగతి తెలుసుగా, పైకి ఏమీ అనరు. సిగరెట్లు మానేశారు, సంతోషించాను. స్కూటరు బయటికి తీయకుండా ఆఫీసుకి నడిచి వెళ్లడం మొదలుపెట్టారు, డాక్టరు కూడా అదే చెప్పాడు కదా అనుకున్నాను. ఆయనకి అప్పటికే బీపీ. రోజూ పొద్దున్న కాఫీకి ముందు మాత్ర. షీటు తెచ్చి అలమరలో పెట్టేదీ ఆయనే, వేసుకునేదీ ఆయనే. అది రోజు విడిచి రోజు వేసుకుంటున్నారని ఇంట్లో ఎవరికీ తెలీదు. రోజుకి ఐదు రూపాయలు కూడా పడని మాత్ర అది. కొన్నాళ్లకి మూడు రోజులకొకటి చేశారట. తల తిరగడం లేదు, నొప్పి లేదు, ఒంట్లో బాగానే ఉంది, ఇంక మాత్ర ఎందుకని. బీపీ నొప్పి పెట్టి చెప్పి రాదు కదా.

ఓ ఆదివారం ఇడ్లీ తింటూ చెంచా వదిలేశారు. జారిందనుకున్నాను. మళ్లీ చేతికిచ్చాను. మళ్లీ వదిలేశారు. నన్ను పిలవబోతే మాట ముద్దగా వచ్చింది, మూతి ఓ పక్కకి పోయింది. ఎదురింటి వాళ్ల కారులో కాకినాడ తీసుకెళ్లాం. ఆసుపత్రిలో డాక్టరు మందులు వాడుతున్నారా అని అడిగితే నేను ఠక్కున "రోజూ వాడతారండీ, ఒక్క పూట కూడా మానరు" అన్నాను. మంచం మీంచి ఆయన తల అడ్డంగా ఊపారు. మాట రాక, అలాగే ఊపుతూ ఉన్నారు.

ఎన్ని నెలలు ఫిజియోథెరపీ, ఎంత సెలవు, నా నాలుగు గాజులు ఎక్కడికి పోయాయి, అవన్నీ నీకెందుకులే. మిగిల్చింది పట్టుమని వెయ్యి రూపాయలు ఉంటుందేమో. ఇప్పుడు బాగానే నడుస్తారు, నీ పెళ్లిలో చూశావుగా. కుడిచేతి వేళ్లు మాత్రం చొక్కా గుండీకి లొంగవు. పొద్దున్నే నేను పెడతాను. పెట్టేటప్పుడల్లా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తారు. నాకు కోపం డబ్బు పోయినందుకు కాదే. పక్కన పడుకున్న మనిషితో ఓ మాట అనలేదు చూడు, ఆ కోపం ఇంకా చల్లారలేదు. చెప్పుంటే ఆ గాజులు అప్పుడే తీసి ఇచ్చేదాన్ని కదా.

మీ నాన్నదీ నీదీ అచ్చం ఆయన స్వభావమే. అందుకే నా భయం. అల్లుడి జీతం తింటున్నానని నువ్వు లోలోపల అనుకుని, థైరాయిడ్ మాత్ర సాగదీస్తావు. పాలు మానేసి బ్లాక్ టీ బాగుందంటావు. పన్ను నొప్పి పరీక్షలయ్యాక చూసుకుందాం అంటావు. తంతాను. నెల మొదట్లో ఇద్దరూ కూర్చుని, ఈ నెల దేన్లో తగ్గిస్తున్నామో ఒకళ్లకొకళ్లు పైకి చెప్పుకోండి. చెప్పుకోలేనిదేదైనా ఉంటే అది తగ్గించొద్దు. మందుల ఖర్చు తగ్గాలంటే దారి ఉంది. జన ఔషధి కేంద్రాల్లో చాలా మందులు సగం ధరకి, కొన్ని ఇంకా తక్కువకి దొరుకుతాయి. పెద్దనాన్న బీపీ మాత్ర ఇప్పుడు అక్కడిదే. థైరాయిడ్‌ది మాత్రం కంపెనీ మార్చేముందు డాక్టర్ని అడుగు.

ఇంకోటి. రాత్రి పెద్దనాన్న హాల్లో తిరిగింది దీని గురించే. మీ ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమాలో నీతోపాటు మీ అమ్మానాన్నల పేర్లు కూడా ఉన్నాయట కదా. నువ్వు మానేస్తే అది మామూలుగా నీతోపాటే ఆగిపోతుంది. మీ అమ్మకి సుగరు. కొత్త పాలసీ తీసుకుంటే ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. అదే కంపెనీలో సొంత పాలసీగా మార్చుకునే వీలుందేమో, ఇన్నాళ్లూ గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారేమో, రాజీనామా కాగితం ఇచ్చే ముందే మీ హెచ్ఆర్ వాళ్లని అడుగు. ఇచ్చాక వాళ్లు ఫోను ఎత్తరు. ఇదివరకు సొంత పాలసీ ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు. కాబట్టి మరీ మోయలేనంత ఉండకపోవచ్చు. ఉన్నా సరే, మీ అమ్మానాన్నల భాగం మేం కడతాం. మీ అమ్మ ఒప్పుకోదు, దానికి చెప్పకు. పై విషయం దాచొద్దని చెప్పి ఇది దాచమంటున్నానని నవ్వుకుంటున్నావు కదూ. నవ్వుకో.

పుస్తకాలకి కావాల్సింది నన్నడుగు. ఆదివారం పూట ఆబిడ్స్‌లో పాతవి దొరుకుతాయి కానీ కరెంట్ అఫైర్స్ పాతవి కొనకు, నవ్వుతారు. ఆవకాయ రెండు కిలోలది వేరే జాడీలో కలిపిస్తాను, మే నెలలో వచ్చి పట్టుకెళ్లు. బయట కొనొద్దు.

సోమవారం ఆఫీసుకి వెళ్లగానే ఆ బీమా సంగతి కనుక్కుని, సాయంత్రం పెద్దనాన్నకి ఫోన్ చెయ్యి. నాకు కాదు, ఆయనకే.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ
రాజమండ్రి