నాన్నగారి ట్రంకు పెట్టెల్లో ఏది దాచాలి, ఏది వదలాలి?

ప్రశ్న: నాన్నగారు పోయి ఏడాదయింది. తెనాలిలో ఆయన 1978లో కొన్న ఇంటిని అమ్మాలనుకుంటున్నాం. రెండు ట్రంకు పెట్టెల నిండా దస్తావేజులు, షేరు సర్టిఫికెట్లు, ప్రామిసరీ నోట్లు, బిల్లులు, ఉత్తరాలు, ఫోటోలు ఉన్నాయి. చిత్తు కాగితాల కింద అమ్మేద్దామని అన్నయ్య అంటున్నాడు. ఏవి ఉంచుకోవాలి? – ఒక పాఠకురాలు

జవాబు: ఇంటి అమ్మకం పూర్తయి, దానిపై పన్ను లెక్క ముగిసేదాకా ఆ పెట్టెల్లోంచి ఒక్క కాగితం కూడా బయటికి పోనివ్వకండి. దస్తావేజును అందరూ భద్రంగా దాస్తారు కానీ, ఇల్లు కట్టిన బిల్లులను పట్టించుకోరు. మీకు డబ్బు మిగిల్చేవి ఆ బిల్లులే. ఇల్లు 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నది కాబట్టి, ఆ నాటి మార్కెట్ విలువను, స్టాంపు విలువకు (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం లెక్కగట్టే విలువకు) మించకుండా, కొనుగోలు ధరగా చూపవచ్చు. ఆ తరువాత మేడ వేసినా, గదులు కలిపినా ఆ ఖర్చునూ పన్ను పడే లాభంలోంచి తీసివేయవచ్చు. ఉదాహరణకు 2006లో పై అంతస్తుకు 4 లక్షలు ఖర్చయినట్టు రసీదులుంటే, లాభంపై పన్నును 12.5 శాతం చొప్పున లెక్కించినా 50 వేల రూపాయల పన్ను తగ్గుతుంది. మేస్త్రీకి ఇచ్చిన డబ్బును నాన్నగారు చేతిరాతతో రాసుకున్న పద్దు పుస్తకం ఉన్నా దాచండి. దానిని మీ ఆడిటర్‌కు చూపించండి.

దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దొరుకుతుంది, నిజమే. కానీ కొనేవారు బ్యాంకు రుణం తీసుకుంటే అసలు దస్తావేజునూ, అంతకు ముందరి లింకు దస్తావేజులనూ అడుగుతారు.

షేరు సర్టిఫికెట్లను పాతవని తీసిపారేయకండి. ఏడేళ్లు వరుసగా డివిడెండు తీసుకోకపోతే షేర్లు కేంద్ర ప్రభుత్వ ఆధీనంలోని మదుపుదారుల రక్షణ నిధికి (ఐఇపిఎఫ్‌కు) బదిలీ అవుతాయి. అయినా వారసులు దరఖాస్తు చేసి వాటిని తిరిగి పొందవచ్చు. అందుకు ఫోలియో నంబరు (కంపెనీ రికార్డుల్లో వాటాదారు ఖాతా నంబరు), సర్టిఫికెట్‌పై ఉన్న పేరు కీలకం. అలాగే పాత పాస్‌బుక్కుల్లోని ఖాతాలను రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో వెతకండి. పదేళ్లుగా కదలని డిపాజిట్లపై కూడా వారసులకు హక్కు ఉంటుంది.

డిమాండు ప్రామిసరీ నోటుకు సాధారణంగా రాసిన తేదీ నుంచి మూడేళ్లే కాలపరిమితి. గడువులోగా కొంత చెల్లించినట్టు బాకీదారు సంతకంతో నోటు వెనుక చెల్లు రాసి ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కిస్తారు. కాబట్టి పారేసే ముందు వెనుకవైపు తిప్పి చూడండి. పాత కరెంటు బిల్లులు, ఫోను బిల్లులు మాత్రం అమ్మకం, పన్ను లెక్క ముగిశాక నిస్సంకోచంగా తీసేయవచ్చు.

ఉత్తరాలకు, ఫోటోలకు నా లెక్కలు వర్తించవు. వాటిని ఒక్కరే కూర్చుని ఎంచవద్దు; తోబుట్టువులందరూ కలిసి, ఇంట్లో పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. తుప్పు పట్టిన పిన్నులు తీసేయండి, లామినేషన్ మాత్రం చేయించకండి. ఫోటోలో ఎవరున్నారో వారు చెబుతుండగానే, వెనుకవైపు మెత్తని పెన్సిలుతో పేర్లు రాయండి. ఈ పని ఇల్లు ఖాళీ చేసే రోజుకు వాయిదా వేయకుండా ఈ నెలలోనే మొదలుపెట్టండి.