వయసు పైబడితే గొప్ప నటులకు నటనపై మక్కువ తగ్గుతుందా?

పేరున్న నటులు వృద్ధాప్యంలో మొక్కుబడిగా నటిస్తారని చాలామంది అంటారు గానీ, నా దృష్టిలో ఎక్కువగా తగ్గేది వాళ్ల తపన కాదు, వాళ్లకు దక్కే పాత్రల నిడివీ లోతూ. మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావునే తీసుకోండి. జానపద చిత్రాల్లో కత్తి పట్టి కథానాయకుడిగా వెలిగిన ఆయన, ఆ తరహా సినిమాల కాలం చెల్లిపోయి, సొంత నిర్మాణంలో ఆస్తి కరిగిపోయాక కూడా చిన్న పాత్రలను కాదనకుండా వేశారు. అందులో బతుకుతెరువు అవసరం ఉన్న మాట నిజమే. అక్కినేని నాగేశ్వరరావుకు ఆ అవసరం లేదు. అయినా 2013 అక్టోబరులో తనకు క్యాన్సర్ ఉందని ప్రకటించిన తరువాత కూడా ‘మనం’లోని తన పాత్రకు తానే డబ్బింగ్ చెప్పి, 2014 జనవరిలో కన్నుమూశారు.

శరీరం సహకరించకపోవడం వేరే సంగతి. మోకాళ్లు నొస్తే దర్శకుడు కూర్చోబెట్టి తీస్తాడు, జ్ఞాపకం మందగిస్తే పొడవైన సంభాషణను ముక్కలు చేస్తాడు, తెర మీద అదంతా నిరాసక్తతలా కనిపిస్తుంది. మా పల్లెల్లో చిందు యక్షగానం ఆడే పెద్దలకు గంతు తగ్గినా, ముఖానికి అర్దళం అనే రంగు పూసుకునే ఓపిక, రాగం ఎత్తుకునే తీరు తగ్గవు. ఆసక్తి నిజంగానే పోయినవారూ లేకపోలేదు. ఒకే రకం తండ్రి పాత్రను ఏళ్ల తరబడి వేయిస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది.