సాలిడ్ మోడల్ లేకుండా టూడీ డ్రాయింగ్‌తోనే వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషీన్) ప్రోగ్రామ్ చేయొచ్చా?

డిప్లొమా అయిపోయి క్యామ్ (మెషీన్ టూల్ పోవాల్సిన దారిని కంప్యూటర్‌లో తయారుచేసే పని) నేర్చుకుంటున్నారు, ఇన్‌స్టిట్యూట్‌లో అన్నీ సాలిడ్ (త్రీడీ మోడల్) మీదనే చేయిస్తున్నారు, షాపుల్లో చూస్తే డీఎక్స్‌ఎఫ్ (టూడీ గీతల ఫైలు) మీదనే నడిపిస్తున్నారు, ఏది నమ్మాలి అని గదా మీ ప్రశ్న. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల స్పేర్లు చేసే చిన్న షాపులో ప్రోగ్రామింగ్ నేనే చూసుకుంటా. నన్నడిగితే పార్టులో లోతు ఒకటే ఉంటే టూడీ, లోతులు మారుతుంటే సాలిడ్.

మా దగ్గరికి సగం పని డ్రాయింగ్ లేకుండానే వస్తది. పగిలిన బేరింగ్ హౌసింగ్‌ను గోనెసంచిలో తెచ్చి ముందు పెడతారు. వెర్నియర్ పట్టి కొలుచుకొని మనమే గీసుకోవాలి. 6205 బేరింగ్ కూర్చునే హౌసింగే తీసుకోండి. పైనుంచి చూస్తే అన్నీ వృత్తాలే: షాఫ్ట్ పోయే బొక్క, 52 మిల్లీమీటర్ల బేరింగ్ సీటు, ఆయిల్ సీల్ సీటు, చుట్టూ బోల్టు బొక్కలు. ఏది ఎంత లోతుకు పోవాల్నో ఆ గీతల్లో ఉండదు. ఒక్కో ఆపరేషన్‌కు జెడ్ విలువ, అంటే లోతు, మనమే కొట్టాలి. మైనస్ గుర్తు మరిస్తే టూల్ గాలిలో తిరుగుతది, లోతు ఎక్కువ కొడితే కాస్టింగ్ తుక్కుకే. సాలిడ్‌లో ఆ ఫేస్ మీద క్లిక్ చేస్తే జెడ్ అదే తీసుకుంటది.

పైగా మిల్లు మేస్త్రీ ఫోన్ చేసి "సీటు ఇంకో రెండు మిల్లీమీటర్లు లోపలికి పోనియ్యి" అంటే, మోడల్‌లో ఒక్క కొలత మార్చి రీజనరేట్ కొడితే టూల్ దారులు మళ్లీ తయారై పని అయిపోతది. టూడీలో ఆ లోతు ఏయే ఆపరేషన్లలో ఉందో వెతుక్కుంటూ కూర్చోవాలి. వానాకాలం వడ్లు మిల్లుకు దిగే రోజుల్లో అంత ఓపిక ఎవరికి ఉంటది!

అట్లని ప్రతిదానికీ మోడల్ గీయడం దండగ. బేస్ ప్లేటు, లేజర్ కటింగ్‌కు పంపే షీటు లాంటివాటికి డీఎక్స్‌ఎఫ్ చాలు. లేత్ మీద చేసే షాఫ్టుకు సగం ప్రొఫైల్ ఇస్తే సరిపోతది, కీవే (కీ కూర్చునే గాడి) సంగతి తర్వాత మిల్లింగ్‌లో. కాకపోతే డీఎక్స్‌ఎఫ్ తెరవగానే ఏదో ఒక కొలత చెక్ చేయండి. 52 ఉండాల్సిన వృత్తం 1320.8 చూపిస్తే ఇంచులుగా తెరుచుకున్నట్టు లెక్క. ఒకదాని మీద ఒకటి పడ్డ డబుల్ గీతలుంటే తీసేయండి, లేకపోతే చైన్ (టూల్ వెంబడి పోవాల్సిన గీతల వరుస) మధ్యలోనే ఆగిపోతది.

ఇన్‌స్టిట్యూట్‌లో అంతగా చెప్పని విషయం ఇంకొకటి ఉంది. సాలిడ్‌లో ఆ సీటు సరిగ్గా 52.000 ఉంటది. ప్రింట్ మీద మాత్రం 52 హెచ్7 అని ఉంటది, అంటే 52.000 నుంచి 52.030 దాకా. మోడల్‌ను నమ్మి సరిగ్గా 52.000కే కోస్తే, టూల్ కొద్దిగా అరిగినా బోర్ అండర్‌సైజ్ అయి బేరింగ్ ఎక్కదు. నేను 52.015 దగ్గర పెట్టుకొని బోరింగ్ బార్ సెట్ చేస్తా. మరలు కూడా అంతే. బయటి నుంచి వచ్చే స్టెప్ ఫైళ్లలో (త్రీడీ మోడల్ ఫైళ్లు) ఎం10 ట్యాప్ బొక్కను, అంటే 10 మిల్లీమీటర్ల మర కోసే బొక్కను, ఒకరు 8.5గా గీస్తారు, ఇంకొకరు 10గానే గీస్తారు. మర ఉన్నట్టు మోడల్‌లో కనిపించదు. 10 బొక్కను చూసినట్టే డ్రిల్ చేసేస్తే ట్యాప్ పట్టడానికి లోహమే మిగలదు. అందుకే స్టెప్ ఫైలు పంపినవాళ్లను పీడీఎఫ్ డ్రాయింగ్ కూడా అడిగి తీసుకుంటా, అది వచ్చినాకే డ్రిల్ సైజులు పెడతా.