ఫ్లోర్ కోసే రోజుకు మొత్తం సొమ్ము చేతిలో ఉండాలి

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను హెచ్-1బి మీద పనిచేస్తున్నాను, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాం. నా భార్య ఉద్యోగం చేయడం లేదు. బాబుకు ఎనిమిదేళ్లు. ఎన్నాళ్ల నుంచో ఉన్న కోరిక తీర్చుకుంటూ 1970 డాడ్జ్ ఛాలెంజర్ కొన్నాను. 318 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్, ఆటోమేటిక్. దాన్ని గేర్ల కారుగా మార్చాలని ఉంది. ఫ్లోర్ కోసి, హంప్ (పైకి ఉబ్బిన రేకు మూత) వెల్డ్ చేసి, ఐదు గేర్ల ట్రెమెక్ గేర్‌బాక్సు బిగించడానికి ఒక షాప్ 14,500 డాలర్లు చెప్పింది. సేవింగ్స్‌లో 11,000 ఉన్నాయి, మా ఎమర్జెన్సీ ఫండ్ కూడా అదే. ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపేదానితో కలిపి నెల ఖర్చు 6,800. మిగులు 2,100. మార్చిలో బోనస్ పన్నులు పోగా 6,000 వస్తుంది. 401కె రిటైర్మెంట్ ఖాతాలో 96,000 ఉంది, అంతా వెస్ట్ అయిపోయింది, అంటే పూర్తిగా నాదే. అందులోంచి 15,000 లోన్ తీసుకుంటే వడ్డీ మనకే వస్తుంది కదా. పైగా గేర్ల కారైతే రేటు పెరుగుతుందని స్నేహితులు అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: కారు మార్చుకోండి, వద్దనను. 401కె లోన్‌తో మాత్రం వద్దు. ఇప్పుడే కూడా వద్దు. నా లెక్కలో ఇంకో ఇరవై నెలలు పడుతుంది.

వడ్డీ మనకే వస్తుందన్న మాట నిజమే. వెస్ట్ అయిన మొత్తంలో సగం లేదా 50,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతవరకు లోన్ ఇస్తారు కాబట్టి మీకు 48,000 దాకా అర్హత ఉంది. ఐదేళ్లలోపు తీర్చాలి. ఉద్యోగం సాగినంతకాలం జీతంలోంచి వాయిదా కట్ అవుతుంది, ఇబ్బంది తెలియదు. ఉద్యోగం పోయినప్పుడే కథ మారుతుంది. మిగిలిన బాకీని ప్లాన్ వాళ్లు మీ ఖాతాలోంచి తీసేసుకుంటే, అంత మొత్తాన్నీ మీ జేబులోంచి తెచ్చి ఐఆర్ఎ (సొంత రిటైర్మెంట్ ఖాతా) లో వేయాలి. ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువు వరకు, ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే తర్వాతి అక్టోబరు వరకు సమయం ఉంటుంది. వేయలేకపోతే అది మీ ఆదాయం కింద లెక్క, 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి పది శాతం పెనాల్టీ కూడా. మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే 15,000 మీద 4,800 డాలర్లు పోతాయి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అంతటితో ఆగుతుంది.

ఇక్కడ పుట్టి పెరిగిన సహోద్యోగికి ఈ లోన్‌తో ఉన్న ప్రమాదం వేరు, మీకున్నది వేరు. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులే. ఆ రెండు నెలల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లాయర్ ఫీజులు చూసుకోవాలి, బాబు స్కూలు సంగతి తేల్చుకోవాలి. మీ 11,000 సరిగ్గా రెండు నెలల ఖర్చుకు కూడా చాలదు. దానిమీద ఈ 4,800 పడితే గోరుచుట్టు మీద రోకటి పోటే. ఇల్లు సొంతమైతే దానిమీద హెలాక్ (ఇంటిని తాకట్టు పెట్టి తీసుకునే అప్పు) తీసుకుందామా అని మీకు తట్టవచ్చు. కారు కోసం వాడితే ఆ వడ్డీకి పన్ను మినహాయింపు రాదు, పైగా ఇల్లే తాకట్టు. అదీ వద్దు.

రేటు పెరుగుతుందన్న మాటకు వస్తాను. 1970 ఛాలెంజర్లలో ఎక్కువ ధర పలికేది ఫ్యాక్టరీలోనే నాలుగు గేర్లతో వచ్చినదానికి, దాన్ని రుజువు చేసే కాగితం, రేకు ఉన్నదానికి. బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు లోపలి ఫెండర్ మీద చిన్న రేకు బిళ్ల ఉంటుంది, ఫెండర్ ట్యాగ్. నాలుగు గేర్ల కారైతే దానిమీద డి21 అనే కోడ్ ఉంటుంది. మీ కారు ట్యాగ్ మీద అది ఉండదు, ఎంత చక్కగా వెల్డ్ చేయించినా రాదు. మార్చిన కారును ఇష్టపడి కొనేవాళ్లు ఉంటారు, ఆటోమేటిక్ కంటే త్వరగా అమ్ముడుపోవచ్చు కూడా. కానీ పెట్టిన 14,500 ధరలో తిరిగి వస్తుందని లెక్క వేసుకోకండి. దీన్ని పెట్టుబడి ఖాతాలో రాయకండి, కుటుంబమంతా కలిసి చేసిన పెద్ద ప్రయాణం ఖర్చులా రాసుకోండి. పన్ను పద్ధతి కూడా మనకు అనుకూలంగా లేదు. సొంత వాడకపు కారు లాభానికి అమ్మితే పన్ను కట్టాలి, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని చూపించుకోనివ్వరు. మార్పులకు పెట్టిన ఖర్చు కొన్న ధరకు కలుస్తుంది కాబట్టి ప్రతి రసీదు దాచుకోండి.

ఒక చిన్న తనిఖీ. కారు గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబరులో ఐదో అక్షరం చూడండి. 'జి' అయితే 318, నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. 'ఆర్', 'వి', 'యు' అయితే ఆ కారు పుట్టింది హెమీ లేదా 440 అనే పెద్ద, ఖరీదైన ఇంజిన్‌తో అని అర్థం. అప్పుడు కోత ఊసే ఎత్తకండి, ముందు ఈ కార్ల విలువ కట్టేవారిని పిలవండి.

ఇప్పుడు ఫ్లోర్ సంగతి. మీ డబ్బు ప్రశ్నకు అసలు కీలకం నాకు ఇక్కడే కనిపిస్తోంది. అప్పట్లో ఫ్యాక్టరీ వాడిన ఎ-833 నాలుగు గేర్ల బాక్సుకు షిఫ్టర్ (గేరు రాడ్), లింకేజి రాడ్లు డ్రైవరు వైపు పక్కకు ఉంటాయి. మామూలు టన్నెల్‌లో (సీట్ల మధ్య ఫ్లోర్ పైకి లేచిన భాగంలో) అవి పట్టవు. అందుకే అప్పట్లో ఫ్యాక్టరీ కూడా మామూలు ఫ్లోర్ పాన్‌లోనే కన్నం కోసి, పైన రేకు హంప్ వెల్డ్ చేసేది. ఆ హంప్ ఇప్పటికీ కొత్తది తయారై దొరుకుతుంది, మొత్తం బిల్లులో దాని ధర చాలా చిన్నది. ఐదు గేర్ల ట్రెమెక్‌కు కోత తీరు వేరు. కిట్‌ను బట్టి టన్నెల్ పైభాగం, ఒక్కోసారి టార్షన్ బార్ క్రాస్‌మెంబర్ (ఫ్లోర్ కింద అడ్డంగా ఉండే దూలం) లో కొంత కూడా తీయాల్సి వస్తుంది. ఈ కారుకు కింద విడిగా ఛాసిస్ లేదు, ఫ్లోరూ క్రాస్‌మెంబరూ కలిసే బలం. ఆ క్రాస్‌మెంబర్‌కే ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగుల పని చేసే టార్షన్ బార్లు ఆనుకుని ఉంటాయి. కాబట్టి డబ్బు ఆదా చేద్దామని వెల్డింగ్ మీరే మొదలుపెట్టకండి. సీట్లు, కార్పెట్, కన్సోల్ విప్పే పని మీరు చేసుకోండి, కూలీ తగ్గుతుంది. కోత, వెల్డింగ్, ఎగ్జాస్ట్ పొగ లోపలికి రాకుండా అతుకులకు సీలర్ వేయడం చేయితిరిగినవాళ్లకు వదిలేయండి.

కోతకు ముందు ఆగితే మీ చేతిలో నడిచే ఛాలెంజర్ ఉంటుంది. హంప్ వెల్డ్ అయి, బాక్సు బిగిస్తే గేర్ల ఛాలెంజర్ ఉంటుంది. మధ్యలో డబ్బు అయిపోతే ఫ్లోర్‌లో కన్నమున్న కారు ఒకటి, అట్టపెట్టెల్లో సామాను మిగులుతాయి. అలాంటి సగంలో ఆగిన కార్లు అమ్మకానికి వచ్చినప్పుడు కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న "ఎందుకు ఆపేశారు?" అనే. అక్కడే ధర పడిపోతుంది. బిల్లు కట్టేదాకా కారు తన దగ్గరే ఉంచుకునే హక్కు టెక్సాస్ చట్టం షాపుకు ఇస్తుంది. అరవై రోజుల గడువు నడుస్తున్న మనిషికి అది రావలసిన స్థితి కాదు.

షాప్ చెప్పిన 14,500లో ఏమున్నాయో రాతపూర్వకంగా అడగండి. క్లచ్ పెడల్ సెట్, బెల్‌హౌసింగ్, ఫ్లైవీల్, కొత్త కొలతకు డ్రైవ్‌షాఫ్ట్, కొత్త కార్పెట్ ఉన్నాయా? ఆటోమేటిక్‌తో వచ్చిన క్రాంక్ షాఫ్ట్‌లన్నిటికీ పైలట్ బుష్ (గేర్‌బాక్సు షాఫ్ట్ కొనను పట్టే చిన్న బుష్) పట్టేలా చివర డ్రిల్ చేసి ఉండదు. దానికి వేరే బేరింగ్ వాడతారు, ఖర్చు చిన్నదే గానీ ముందే తెలియాలి. కార్పెట్ ఎత్తాక తుప్పు బయటపడితే బిల్లు పెరుగుతుంది, యాభై ఏళ్లు దాటిన కారులో అది దాదాపు ఖాయం. నాలుగో వంతు అదనంగా కలిపి 18,000 అనుకుందాం.

అన్నిటికంటే ముందు వెనక యాక్సిల్ రేషియో (చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే సంఖ్య) కనుక్కోండి. 318 ఆటోమేటిక్‌లలో తరచూ కనిపించే 2.76 గనక ఉంటే, మామూలు సైజు టైర్లతో గంటకు 65 మైళ్ల దగ్గర మీ ఇంజిన్ ఇప్పటికే సుమారు 2,300 ఆర్‌పీఎం దగ్గర నెమ్మదిగా తిరుగుతోంది. దానికి ఇంజిన్ వేగాన్ని 0.68 వంతుకు తగ్గించే ఐదో గేరు తగిలిస్తే 1,600కు పడిపోతుంది. అంత తక్కువలో ఈ ఇంజిన్ లాగదు, ఐదో గేరు పేరుకే మిగులుతుంది. అది పనికిరావాలంటే యాక్సిల్ గేర్లు కూడా మార్చాలి, అంటే ఇంకో బిల్లు. 2.76 ఉంటే పాత ఎ-833 నాలుగు గేర్ల బాక్సుకు, పిస్టల్ గ్రిప్ షిఫ్టర్‌కు ధర అడగండి. ఎర్రలైటు దగ్గర కదిలేటప్పుడు కొంచెం బరువుగా ఉంటుంది, హైవే మీద ఇప్పుడున్నట్టే ఉంటుంది, 1970లో కొన్నవాళ్లకు దక్కిన అనుభవమే మీకూ దక్కుతుంది. నాకైతే అదే ఇష్టం. 3.55 లాంటిది ఉండి మీరు హైవే మీద బాగా తిరిగేవారైతే ట్రెమెక్‌కే పెట్టండి.

లెక్క ఇలా వేశాను. ఎమర్జెన్సీ ఫండ్‌లో ఆరు నెలల ఖర్చు, అంటే 40,800 ఉండాలి, మీకింకా 29,800 తక్కువ. నెలనెలా మిగిలే 2,100లో 1,500 ఎమర్జెన్సీ ఫండ్‌కు, 600 కారుకు వేరే ఖాతాలో వేయండి. మార్చి బోనస్ మొత్తం ఎమర్జెన్సీకే. పదహారు నెలల్లో ఫండ్ నిండుతుంది, కారు ఖాతాలో 9,600 చేరతాయి. ఆ తర్వాత నాలుగు నెలలు 2,100 మొత్తం కారుకు వేస్తే 18,000 అవుతుంది. మధ్యలో రెండో బోనస్ పడితే గడువు ఇంకా తగ్గుతుంది. కంపెనీ తన వంతుగా కలిపే సొమ్ము (మ్యాచ్) వచ్చేంతవరకు జీతంలోంచి 401కె లో వేసేది మాత్రం ఆపకండి. ఈలోగా పెడల్ సెట్, షిఫ్టర్ లాంటివి మంచి ధరకు దొరికితే కారు ఖాతాలోంచి కొనండి. ఉద్యోగానికి ఏమైనా అయితే వాటిని తిరిగి అమ్ముకోవచ్చు.

కారు ఇన్సూరెన్స్ అగ్రీడ్ వాల్యూ (ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే) పాలసీయా కాదా చూడండి. పని మొదలుకాకముందే మార్పు గురించి వాళ్లకు చెప్పి, పూర్తయ్యాక విలువ సవరించమనండి. లిఫ్ట్ మీద ఉన్న నెలల్లో షాపులో అగ్ని ప్రమాదం జరిగితే ఎవరి పాలసీ వర్తిస్తుందో షాపువాళ్లను అడగండి. డబ్బు మొత్తం అడ్వాన్సుగా ఇవ్వకండి. సామాను వచ్చాక ఒక వాయిదా, హంప్ వెల్డ్ అయ్యాక ఒకటి, మీరే నడిపి చూశాక చివరిది అని కాగితం మీద రాయించుకోండి. కోసిన ఫ్లోర్ ముక్కను, ఆటోమేటిక్ బాక్సును షాపులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. రేపు కొనేవారెవరైనా కారును పాత రూపానికి తేవాలనుకుంటే వాటికీ వెల కట్టి ఇస్తారు.