సీరియల్ సెట్‌లో ఉద్యోగం, సొంత స్క్రీన్‌ప్లే... రెండూ కుదురుతాయా?

ప్రశ్న: మాది తణుకు. బీఏ పూర్తయిన అమ్మాయిని. సినిమాలకు స్క్రీన్‌ప్లే రాయాలన్నది నా కోరిక. ఒక కథ సగం వరకు రాసుకున్నాను. ముందు టీవీలో పని దొరికితే దారి తెలుస్తుందని హైదరాబాద్ వచ్చాను. సీరియళ్లు తీసే ఒక సంస్థ అసిస్టెంట్ డైరెక్టర్‌గా రమ్మంది. మొదటి మూడు నెలలు జీతం ఉండదట. నాన్నేమో గ్రూప్-2 కోచింగ్‌లో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చేరండి. కానీ మూడు నెలల ఉచిత చాకిరీకి ఒప్పుకోవద్దు. ఒక నెల పని చూసి జీతం మాట్లాడుకుందామనండి. ఆ నెలలో కూడా రానుపోను ఖర్చులు, లొకేషన్‌లో భోజనం వాళ్లవే. దానికీ కుదరదంటే ఇంకో ఆఫీసు చూసుకోండి. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ ఎపిసోడ్ వెళ్లాల్సిన ఫీల్డ్ ఇది. చురుగ్గా పనిచేసే అసిస్టెంట్లు ఎప్పుడూ కావాలి.

నాకు టెన్షన్ పెట్టింది జీతం సంగతి కాదు, ‘సగం వరకు రాసుకున్నాను’ అన్న మాట. సగం కథ పట్టుకుని ఎవరి దగ్గరికీ వెళ్లలేరు. సెట్‌లో కొన్నాళ్లు తిరిగితే మీలోని రచయిత్రిని ఎవరో ఒకరు గుర్తిస్తారనుకుంటే నిరాశ తప్పదు. ఆర్టిస్ట్ వచ్చారా, చీర మారిందా, నిన్న తీసిన షాట్‌లో కుంకుమ భరిణ ఏ చేతిలో ఉంది... మీ నుంచి వాళ్లకు కావాల్సింది ఇవే.

టీవీ నుంచి సినిమాకి వెళ్లినవాళ్లు అనగానే అందరూ రాజమౌళి పేరు చెబుతారు. నిజమే, 2001లో మొదటి సినిమా వచ్చేముందు ఆయన రాఘవేంద్రరావు గారి పర్యవేక్షణలో ఈటీవీకి సీరియల్ తీశారు. అయితే కథలు అల్లే తండ్రి ఇంట్లోనే ఉన్నారన్న సంగతి ఎవరూ చెప్పరు. మీకు ఆ సౌకర్యం లేదు కాబట్టి సెట్‌లోనే వెతుక్కోవాలి.

అక్కడ రాసేవాళ్లకు పనికొచ్చేవాటిలో మొదటిది ప్రాంప్టింగ్. మన సీరియళ్లలో ఆర్టిస్టులు చాలామంది బెంగళూరు నుంచి వస్తారు. తెలుగు రానివాళ్లకు కెమెరా పక్కన నిలబడి అసిస్టెంట్ డైలాగ్ అందిస్తే, విని అప్పజెబుతారు. గొంతు తర్వాత డబ్బింగ్‌లో పడుతుంది. చాలామంది ఆ పనిని నామోషీగా అనుకుంటారు. మీరు మాత్రం అడిగి తీసుకోండి. ఉదాహరణకు సీన్ పేపర్ మీద ఇలా ఉందనుకుందాం: ‘ఇన్నేళ్లుగా ఈ ఇంటి పరువు కోసం నోరు మూసుకుని బతికిన నన్ను ఈ రోజు మీరు నలుగురిలో నిలబెట్టి ప్రశ్నిస్తున్నారా అత్తయ్యా?’ చదువుకోవడానికి బాగానే ఉంది. అందించబోతే మీకే ఊపిరి చాలదు. ఆ అమ్మాయి ‘నలుగురిలో’ దగ్గర ఆగిపోతుంది. ముక్కలు చెయ్యమంటాడు డైరెక్టర్. అప్పుడు మీరు, ‘నన్నా అత్తయ్యా? ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను. ఈ ఇంటి పరువు కోసం!’ అని అందిస్తారు. టేక్ ఓకే అవుతుంది. డైలాగ్ ఎక్కడ విరగాలో ఇలా రోజూ చెవికి తెలుస్తుంటుంది.

రెండోది ఖర్చు. ‘రాత్రి, వీధి, వాన’ అని మీరు మూడు మాటల్లో తేల్చేస్తారు. దానికి జనరేటర్, లైట్లు, నీళ్ల ట్యాంకర్ కావాలి. అదే గొడవని వరండాలోకి మార్చి రాయగలిగినవాళ్లంటే నిర్మాతలకు ఇష్టం.

ఆరు నెలలయ్యాక సెట్ నుంచి రైటింగ్ వైపు జరగాలి. సీరియల్ టైటిల్స్ గమనించండి. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు తరచుగా వేర్వేరు పేర్ల మీద ఉంటాయి. మాటలు రాసేవాళ్ల మీద ఒత్తిడి ఎక్కువ. గురువారం రేటింగ్ వచ్చి అది పడిపోయిందంటే అనుకున్న ట్రాక్ మారిపోతుంది, సీన్లు తిరగరాయాలి. అలాంటి రచయితకు అసిస్టెంట్‌గా చేరడం మీ లక్ష్యం కావాలి. నాకు రాయడం వచ్చు అని చెబితే ఎవరూ వినరు. నడుస్తున్న సీరియల్ ఒకటి ఎంచుకుని, ఇవాళ్టి ఎపిసోడ్ చూసి సీన్ ఆర్డర్ రాసుకోండి. రేపటి ఎపిసోడ్ మీరే రాసి, టెలికాస్ట్ అయ్యాక పోల్చుకోండి. కొన్ని వారాలు అలా చేశాక బాగా వచ్చిన రెండు సీన్లు రచయితకు గానీ, ఛానెల్‌లో ఆ సీరియల్ బాధ్యత చూసే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌కు గానీ చూపించండి. హిందీ సీరియళ్లకు తెలుగు డబ్బింగ్ మాటలు రాసే పని దొరికినా వదలొద్దు. పేరు రాకపోవచ్చు కానీ పెదాల కదలికకు మాట కుదర్చడం మంచి కసరత్తు.

సొంత స్క్రిప్ట్ సంగతి. షూటింగ్ రోజుల్లో రాత్రి ఇంటికొచ్చి రాస్తానంటే నేను నమ్మను. తెల్లవారుజామున ఒక గంట, ఆదివారం ఒక పూట దానికే కేటాయించండి. పూర్తయ్యాక, ఎవరికైనా వినిపించే ముందే కాపీరైట్ ఆఫీసులో ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేయించండి. సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు. చట్టం కాపాడేది మీరు రాసిన రూపాన్ని, ఉత్త ఐడియాను కాదు. అందుకే సగం కథ నోటితో చెప్పుకుంటూ తిరగొద్దంటున్నాను. ఇంకో మాట. ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికే చెందుతుంది. ఆఫర్ లెటర్‌లో ‘ఉద్యోగ కాలంలో మీరు రాసినదంతా సంస్థదే’ అన్న వాక్యం కనిపిస్తే, సొంత స్క్రిప్ట్‌ని మినహాయిస్తున్నట్టు రాయించుకున్నాకే సంతకం పెట్టండి.

చదివే నేర్చుకోవాలనుంటే పుణెలోని ఎఫ్‌టీఐఐలో (సినిమా, టీవీ పనులు నేర్పే ప్రభుత్వ సంస్థ) స్క్రీన్‌ప్లే రచనకు కోర్సు ఉంది. డిగ్రీ ఉంది కాబట్టి మీరు ప్రయత్నించవచ్చు. దానికోసం చేతికొచ్చిన పని మాత్రం ఆపొద్దు.

నాన్నగారిని ఒక ఏడాది గడువు అడగండి. గ్రూప్-2 వయోపరిమితి మీకింకా చాలా దూరం. ఏడాది తిరిగేసరికి మీ చేతిలో పూర్తయిన స్క్రిప్ట్ ఒకటి, హాస్టల్ ఖర్చుకు సరిపడా జీతం ఉంటే మరో ఏడాది అడిగే హక్కు మీకుంటుంది. అవి లేకపోతే కోచింగ్‌లో చేరండి. స్క్రిప్ట్ అక్కడుండి కూడా పూర్తి చేసుకోవచ్చు.

రేపు ఆ ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడు జీతంతో పాటు ఇంకో రెండు అడగండి. ప్యాకప్ ఆలస్యమైతే హాస్టల్ దాకా బండి పంపుతారా? లైంగిక వేధింపులపై మహిళల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉందా? పదిమంది, అంతకు మించి పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం అది ఉండి తీరాలి. వీటికి నవ్వేసి మాట దాటవేస్తే అక్కడ చేరొద్దు.